థయామిన్ సంగతి నాకు తెలుసు

నేను డాక్టరుగా చేసిన పొరపాట్లలో చాలావరకు తెలియక చేసినవి. అవి గుర్తొస్తే బాధగానే ఉంటుంది కానీ, వాటితో ఎలాగో సర్దుకుపోయాను. ఒకదాని సంగతి వేరు. అది జరగకుండా ఆపడానికి కావలసిన చదువంతా నా తలలో ఉంది. మందు నా అల్మారాలో ఉంది. అల్మారా తాళంచెవి నా జేబులోనే ఉంది. అది మహబూబాబాద్ దవాఖానలో జరిగింది. మేమంతా ఆ ఊరిని మానుకోట అంటాం.

ముందు నా చదువు గురించి కొంచెం చెప్పాలి. మాది జనగామ. చిల్పూరు వైపు భూములుండేవి. బాపు పొలం దగ్గర కంటే తాలూకాఫీసు దగ్గరే ఎక్కువ కనిపించేవాడు. అరవై తొమ్మిదిలో నేను పీయూసీ చదువుతుండగా ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చి కాలేజీలు మూతబడ్డాయి. అందరితోపాటు నేనూ రైలు పట్టాల మీద కూర్చున్నాను, మోకాలి కింద ఒక లాఠీ దెబ్బ తిన్నాను. ఏడాది చదువు పోయింది. ఆ తర్వాతి ఏడు వరంగల్‌లో మెడిసిన్ సీటు వచ్చింది.

బయోకెమిస్ట్రీ నోటి పరీక్ష మొదటిసారి జరిగినప్పుడు మమ్మల్ని అడిగిన ప్రొఫెసరు కృష్ణా జిల్లా మనిషి. సిట్రిక్ ఆమ్ల వలయం గీయమన్నాడు. తిన్న అన్నం గ్లూకోజై, ఆ గ్లూకోజు ముక్కలై, చివరికి కణంలో శక్తిగా మారేది ఆ వలయంలోనే. సుద్దముక్క పట్టుకుని సగం దాకా బాగానే గీశాను. ఆల్ఫా కీటోగ్లుటారిక్ ఆమ్లం దగ్గరికి వచ్చేసరికి ఎంజైము పేరు నోటికి రాలేదు. నల్లబల్ల మీద వేలు పెట్టి, "గది సార్, గది ఇక్కడ విరుగుతది" అన్నాను.

"ఏ గదయ్యా? వంటగదా, పడగ్గదా?" అన్నాడాయన.

వెనక నిలబడ్డ వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు జరిగినదాంట్లో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది నేను నవ్వడమే.

ఆ తర్వాత మూడు నెలలు ఆ ఒక్క ఎంజైమునే పట్టుకుని కూర్చున్నాను. ఎక్కడా ఆగకుండా, ఒక్క తెలుగు ముక్క దొర్లకుండా ఇంగ్లీషులో అప్పజెప్పడం నేర్చుకున్నాను. పెద్ద పరీక్షలో అదే ప్రొఫెసరు అదే ప్రశ్న వేశాడు. గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, బాగుంది అన్నాడు. ఆ సబ్జెక్టులో ఆ ఏడు మొదటి మార్కు నాదే. అప్పటి నుంచి నా మాట కూడా మారింది. ఇంట్లో తప్ప ఎక్కడా మా యాస రానిచ్చేవాణ్ణి కాదు. మానుకోటలో ఉద్యోగంలో చేరాక రోగులతో పుస్తకంలో రాసినట్టు మాట్లాడేవాణ్ణి. కొందరు నన్ను కోస్తా మనిషి అనుకునేవారు. కాదని నేనెప్పుడూ చెప్పలేదు.

డెబ్బైల చివర, ఒక వానాకాలం ఆమె దవాఖానకు వచ్చింది. వచ్చింది అనడం కంటే తెచ్చారు అనాలి. కొత్తగూడ అడవుల్లో ఎక్కడో ఉన్న లంబాడీ తండా నుంచి కొంతదూరం ఎడ్లబండి మీద, తర్వాత బస్సులో వచ్చి, బస్టాండు నుంచి భర్త రెండు చేతుల మీద మోసుకొచ్చాడు. వెంట అత్త. ఆమెకు ఇరవై ఏళ్ళుంటాయేమో. నాలుగో నెల. చేతుల నిండా దంతపు రంగు గాజులు మోచేతుల దాకా జారిపోతున్నాయి, అంతగా చిక్కిపోయింది.

"నెలన్నర సంది ఏం తిన్నా కక్కుతాంది సారూ," అన్నాడు భర్త. "నీళ్ళు తాగినా కక్కుతాంది."

వేవిళ్ళు ముదిరితే అలాగే అవుతుంది. నాలుక ఎండిపోయింది, నాడి వేగంగా ఉంది. గ్లూకోజు ఎక్కించమని నర్సుకు చెప్పాను. ఆ రోజుల్లో గ్లూకోజు సీసా వేలాడదీస్తే రోగి కంటే ముందు చుట్టాల ముఖాల్లో ప్రాణం వచ్చేది. మొదటి రోజు రెండు సీసాలు ఎక్కించాం. సాయంత్రానికి ఆమె కళ్ళు తెరిచి కాసిన్ని నీళ్ళు తాగింది. భర్తకు పోడు చేను దగ్గర పని ఉంది, మళ్ళీ వస్తానని తల్లిని దగ్గర పెట్టి వెళ్ళాడు.

మరునాడు పొద్దున నర్సు నా గదికి వచ్చింది. ఆమె నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, ఆ దవాఖానలో నాకంటే చాలా ముందునుంచి ఉంది.

"సార్, ఆ తండా పిల్లకు బలం సూది ఒకటి ఇద్దామా? తిండి లేక చాన దినాలాయె," అంది.

బలం సూది అంటే బి వన్, అంటే థయామిన్. బి విటమిన్ల మిశ్రమానికి కూడా అదే పేరు. ఆ ఆంపూళ్ళ డబ్బా అల్మారా పై అరలో ఉండేది. ఊళ్ళో పెద్దమనుషులు, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు, హైస్కూలు మాస్టర్లు నీరసంగా ఉందని వచ్చినప్పుడు నేనే తాళం తీసి ఇచ్చేవాణ్ణి. వాళ్ళలో చాలామందికి ఆ సూదితో పనే లేదు. వేయించుకుంటే సంతోషిస్తారు, నన్ను గుర్తుపెట్టుకుంటారు, అంతే.

"వచ్చినవాళ్ళందరికీ ఇస్తూ పోతే నెలాఖరుకు ఏం మిగులుతాయి?" అన్నాను. నర్సు వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆమె మంచం దిగబోయి పడిపోయింది. లేపి నిలబెడితే కాళ్ళు ఎడంగా పెట్టి తూలుతోంది. కనుగుడ్లు ఒకచోట నిలవకుండా అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. నన్ను చూసి తన భాషలో ఏదో అంది. ఏమంటోందని అడిగితే, నన్ను తమ్ముడనుకుని ఎప్పుడొచ్చావని అడుగుతోందని అత్త చెప్పింది.

నాకు వెంటనే తోచింది ఒక్కటే. ఇప్పసారా. తండాలో అందరూ తాగుతారు, ముసలమ్మ వాంతులు ఆగుతాయని కోడలికి దొంగచాటుగా పోసింది. అదే మాట అత్త ముఖం మీదే అన్నాను.

"లేదు సారూ. గిది ముట్టదు. పెండ్లిల గూడ ముట్టలే," అంది ఆమె.

నేను నమ్మలేదు. మూట విప్పి చూపించమని నర్సుతో చెప్పాను. నర్సు కదల్లేదు. ముసలమ్మే కింద కూర్చుని ముడి విప్పి ఒక్కొక్కటే తీసి నేల మీద పెట్టింది. ఒక సత్తు గిన్నె, కారం పొట్లం, మడిచిన లంగా, అద్దాలు కుట్టడం సగంలో ఆగిపోయిన పసిపిల్లల టోపీ, మూతికి గుడ్డ పెట్టిన ఒక సీసా. ఆ సీసా తీసుకుని వార్డు అందరి ముందూ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గంజి వాసన వచ్చింది. పులిసిన జొన్న గంజి, అంతే.

సీసా తిరిగి ఇచ్చి, సరే కట్టుకోమన్నాను. తప్పయిందని అనలేదు. మంచం దగ్గరి కాగితంలో మాత్రం మద్యం మత్తు అనే రాశాను. గ్లూకోజు ఆపకుండా ఎక్కించమని కూడా రాశాను. ఆ మరునాడు శనివారం. మధ్యాహ్నం దాకా పనిచూసుకుని జనగామ రైలెక్కాను.

ఆదివారం పొద్దున మా చెల్లె అరుగు మీద కూర్చుని బెండకాయలు తరుగుతూ చదువుకుంటోంది. జనగామలోనే డిగ్రీ చదివేది, తెలుగు మీడియం. పుస్తకం నా చేతికిచ్చింది.

"అన్నా, నేను చెప్తుంట, తప్పుంటే చెప్పు. సిట్రిక్ ఆమ్ల వలయం," అంది.

ఆమె చెబుతోంటే వింటున్నాను. నేను ఇంగ్లీషులో బట్టీ పట్టినదాన్ని ఆమె తన మాటల్లో, మధ్యమధ్య కత్తి ఆపి ఆలోచించుకుంటూ చెబుతోంది. ఆల్ఫా కీటోగ్లుటారిక్ ఆమ్లం దగ్గర తడబడింది. ఐదు కార్బన్లది నాలుగు కార్బన్లది అవుతుందని తెలుసు, ఎలా అవుతుందో తెలియదు. నాకు హుషారు వచ్చింది. పుస్తకం మూసి చెప్పడం మొదలుపెట్టాను.

అది ఒక ఎంజైము కాదు, మూడు కలిసి ఉండే జట్టు అన్నాను. మొదటిది ఆ అణువులోంచి ఒక కార్బన్‌ను తీసేస్తుంది. అదే మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడుగా బయటికి పోతుంది. మిగిలిన నాలుగు కార్బన్ల ముక్కను వదలకుండా పట్టుకోవాలి. రెండో ఎంజైముకు పొడుగాటి చెయ్యిలాంటి భాగం ఉంటుంది. లిపోయిక్ ఆమ్లంతో చేసిన చెయ్యి. అది ఆ ముక్కను అందుకుని కోఎంజైమ్ ఎ అనే అణువుకు అప్పగిస్తుంది. అప్పగించాక ఆ చెయ్యి హైడ్రోజన్‌తో నిండి ఉంటుంది. దాన్ని దించుకుని చేతిని మళ్ళీ ఖాళీ చేసేది మూడో ఎంజైము. ఆ హైడ్రోజన్ నుంచే తర్వాత శక్తి పుడుతుంది.

"మరి మొదటిది ఆ ముక్కను దేంతోని పట్టుకుంటది?" అని అడిగింది చెల్లె.

"అది సొంతంగా పట్టుకోలేదు. దానికి అతుక్కుని థయామిన్ ఉంటుంది, బి వన్ విటమిన్. కార్బన్‌ను విడగొట్టేదీ, ముక్కను పట్టుకునేదీ థయామినే. నువ్వు మర్చిపోయింది అదే," అన్నాను. గ్లూకోజు వలయంలోకి వచ్చే గుమ్మం దగ్గర ఇలాంటిదే ఇంకో ఎంజైము ఉంటుందనీ, దానికీ థయామిన్ కావాలనీ చెప్పాను.

"థయామిన్ లేకుంటే?"

"పని ఆగిపోతుంది. ఒంట్లో అది రెండు మూడు వారాలకు మించి నిలవ ఉండదు. తిండి లేనివాళ్ళకు..."

"ఆగిపోతే ఏమైతది?"

"ముందు మెదడుకు దెబ్బ. మెదడు బతికేది గ్లూకోజు మీద. ఆ స్థితిలో గ్లూకోజు ఇస్తే ఉన్న కాస్త థయామిన్ కూడా..." అన్నాను.

నెలన్నర. నీళ్ళు తాగినా కక్కుతాంది. కనుగుడ్లు కొట్టుకోవడం, కాళ్ళు ఎడంగా పెట్టి తూలడం, ఒకరిని చూసి ఇంకొకరనుకోవడం. పుస్తకంలో థయామిన్ లోపం కింద ఈ మూడూ ఒకే వరుసలో ఉంటాయి. నేను ఆ వరుస కూడా చదివాను.

"గిది పరీక్షల అడుగుతరా అన్నా?" అంటోంది చెల్లె. నేను అప్పటికే లేచి చెప్పులు వేసుకుంటున్నాను. అవ్వ లోపలి నుంచి అన్నం తినిపొమ్మని పిలిచింది. ఏం చెప్పానో గుర్తులేదు. స్టేషనుకు పరిగెత్తాను. బండి వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద ఒకచోట నిలవలేకపోయాను. కాజీపేటలో బండి చాలాసేపు ఆగింది. తలుపు దగ్గర నిలబడి లెక్కపెట్టుకుంటున్నాను, నేను దవాఖాన వదిలి వచ్చాక ఎన్ని సీసాలు ఎక్కి ఉంటాయని.

మానుకోటలో దిగేసరికి మూడు దాటింది. వార్డులో ఆమె వెల్లకిలా పడుకుని ఉంది. కనుగుడ్లు కొట్టుకోవడం మానేశాయి, ఎటూ తిరగకుండా బిగుసుకుపోయాయి. నేను రాసిపెట్టినట్టే గ్లూకోజు సీసా వేలాడుతోంది. దాని గొట్టం బిగించి ఆపేశాను. అల్మారా తీసి రెండు ఆంపూళ్ళు తెచ్చి నరంలోకి మెల్లగా ఎక్కించాను. నర్సు పక్కనే నిలబడి నా చేతిలో ఆంపూలు చూసింది. ఒక మాట అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

మరునాటి పొద్దుటికి ఆమె కళ్ళు కదిలాయి. అత్త నా కాళ్ళు పట్టుకుంది. నేను కాళ్ళు వెనక్కి తీసుకున్నాను. రోజూ సూదులు ఇస్తూ పోయాం. వారానికి గోడ పట్టుకుని నడిచింది. కానీ ఐదో రోజున గర్భం పోయింది. అది కాక ఇంకొకటి పోయిందని మాకు మెల్లగా తెలిసింది. అప్పుడే జరిగింది ఆమె తలలో నిలవడం లేదు.

పొద్దున లేచి కడుపు మీద చెయ్యి వేసుకుని అత్తను ఏదో అడిగేది. అత్త చెప్పేది. ఆమె ఏడ్చేది. మధ్యాహ్నానికి ఆ సంగతి ఉండేది కాదు. మళ్ళీ కడుపు తడుముకుని అదే అడిగేది. అత్త మళ్ళీ చెప్పేది. ఆమె మొదటిసారి విన్నట్టే ఏడ్చేది. నాకు వాళ్ళ భాష రాదు. మూడు రోజులయ్యేసరికి ఆ ప్రశ్నా జవాబూ నాకూ అర్థమైపోయాయి. నాలుగో రోజు నుంచి ముసలమ్మ నిజం చెప్పడం మానేసి, తల నిమురుతూ కూర్చునేది. నేను ఆ వార్డులోకి ఎక్కువగా పోకుండా వేరే పనులు పెట్టుకున్నాను.

వాళ్ళను ఇంటికి పంపేముందు నేను ఒక పని చేశాను. మద్యం మత్తు అని రాసిన కాగితం చింపేసి కొత్తది రాశాను. అందులో మొదటి రోజే విటమిన్ లోపమని అనుమానించినట్టు, మందు తెప్పించి ఇచ్చినట్టు ఉంది. నర్సును పిలిచి సంతకం పెట్టమన్నాను.

"పాత కాయితం మీద పెట్టిన గద సార్," అంది ఆమె.

"అది పాడైంది," అన్నాను.

ఆమె సంతకం పెట్టింది. పెట్టాక కలం మూత పెట్టి బల్ల మీద ఉంచింది, నా చేతికి ఇవ్వలేదు. ఆ తర్వాత రెండేళ్ళు కలిసి పనిచేశాం. పనికి సంబంధించినవి తప్ప మరో మాట మా మధ్య లేదు.

ఆ కాగితం జిల్లా అధికారి కంటపడింది. వరంగల్‌లో డాక్టర్ల నెలవారీ సమావేశంలో ఆయన నన్ను లేపి, చిన్న దవాఖానలో ఉండి ఇంత అరుదైనదాన్ని పట్టుకున్నాడని మెచ్చుకున్నాడు. నలుగురికీ వివరించమన్నాడు. నేను ముందుకు వెళ్ళి సుద్దముక్క తీసుకుని ఆ ఎంజైము ఎలా పనిచేస్తుందో బల్ల మీద గీసి ఇంగ్లీషులో చెప్పాను. చప్పట్లు కొట్టారు. చెబుతున్నంతసేపూ నా గొంతు వణకలేదు. అదొక్కటీ నన్ను నేను నమ్మలేకుండా చేసింది.

ఎనభైల్లో నన్ను భూపాలపల్లికి బదిలీ చేశారు. బొగ్గు గనుల పనులు మొదలవుతున్న కాలం. ఎక్కడెక్కడి నుంచో కూలీలు వచ్చేవారు. ఒక రోజు పొద్దున అరచేయి రేకుకు కోసుకుని ఒకతను వచ్చాడు. కుట్లు వేస్తుంటే నా ముఖం వంక చూస్తూ ఉన్నాడు.

"నువ్వు మానుకోట డాక్టరువు గదా సారూ," అన్నాడు.

ఆమె భర్త. నేను గుర్తుపట్టలేదు. తల్లి చనిపోయిందని చెప్పాడు. భార్య ఎలా ఉందని అడగడానికి నాకు రెండు కుట్లు వేసేంతసేపు పట్టింది.

"మంచిగనే ఉన్నది. పని చేస్తది. ఉప్పేసిన సంగతి మర్సిపోయి మళ్ళ ఏస్తది, అందుకని ఉప్పు నేనే ఏస్త. ఒక బిడ్డ పుట్టింది. బిడ్డను బడికి పంపి, యాడికి పోయిందని ఎతుకుతది." కొంచెం నవ్వాడు. "నీ చేతుల బతికింది సారూ. మావోళ్ళందరికి చెప్పిన."

కట్టు కట్టడం పూర్తయింది. అతను లేచి పోతే సరిపోయేది. ఎందుకో కూర్చోమన్నాను. చెప్పాను. ఆ సూది అల్మారాలో ఉండె, మొదటి దినమే ఇయ్యాల్సి ఉండె, నేను ఇయ్యలే అన్నాను. గ్లూకోజు కంటే ముందు ఆ సూది పడి ఉంటే మతిమరుపు వచ్చేది కాదనీ, కడుపు కూడా నిలిచేదేమో అనీ చెప్పాను. తాగిందనుకున్న సంగతి, కాగితం మార్చిన సంగతి కూడా చెప్పాను.

అతను కట్టు కట్టిన చెయ్యి రెండో చేతిలో పెట్టుకుని విన్నాడు.

"ఆ సూది సంగతి నీకు తెల్వదా సారూ?"

"తెలుసు. యాదికి రాలే."

"మీ ఇంటోళ్ళకైతే యాదికొచ్చునా?"

అబద్ధం చెప్పడానికి వీలుంది. అతను నమ్మేవాడు కూడా. "వచ్చేది. మా ఇంటోళ్ళకైతే యాదికి రాకున్నా ఇచ్చేటోణ్ణి. మా ఊరి పెద్దోళ్ళకు ఊకెనే ఇచ్చిన," అన్నాను.

అతను లేచి, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. ఎనిమిది రోజులకు కుట్లు విప్పించుకోవడానికి రమ్మని వెనక నుంచి చెప్పాను. విన్నాడో లేదో తెలియదు.

ఎనిమిదో రోజు కత్తెర, పట్టకారు ఉడికించి పెట్టుకుని పొద్దంతా ఎదురుచూశాను. అతను రాలేదు. మరునాడు కూడా రాలేదు. వాళ్ళ తండా నుంచే వచ్చిన ఇంకొక కూలీని అడిగితే, పరకాలలో విప్పించుకున్నాడట అని చెప్పాడు. చెయ్యి చీము పట్టలేదు కదా అని అడిగాను. లేదన్నాడు. వాళ్ళ గుడిసె ఎక్కడో కూడా చెప్పాడు, దవాఖాన నుంచి నడిచిపోయేంత దూరమే.

నేను పోలేదు. భూపాలపల్లిలో ఇంకో మూడేళ్ళు ఉన్నాను. అటువైపు వెళ్ళే పని పడినప్పుడల్లా వేరే దారిలో తిరిగి పోయాను. అతను రానందుకు ఆ రోజు సాయంత్రం నాకు కలిగింది బాధ కాదు. గుండె తేలికపడింది. ఇన్నేళ్ళ తర్వాత ఇది రాస్తుంటే ఆ తేలికే నన్ను ఎక్కువగా సిగ్గుపడేలా చేస్తోంది.